పాత పంజరం తలుపు తీసే ఉంచండి

కొత్త పంజరం ఇంటికొచ్చిన సాయంత్రం చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. అట్టపెట్టె విప్పుతారు, ముక్కలు బిగిస్తారు, పిల్లలు చుట్టూ చేరతారు. పాతదానికి రెండింతలుంది, బోలెడు డబ్బు పోసి తెప్పించింది, కాబట్టి చిలక ఎగిరి గంతేస్తుందని అందరికీ ఆశ. ఎవరో ఒకరు పాత పంజరంలో చెయ్యి పెట్టి పక్షిని పట్టుకుని కొత్తదాంట్లో వదులుతారు. అది గంతెయ్యదు. పై మూలకు పాకి, చువ్వలు కరిచి పట్టుకుని, ఈకలన్నీ ఒంటికి అతుక్కుపోయేలా బిగుసుకుపోతుంది. గింజ ముట్టదు. రాత్రికి పెద్దవాళ్లెవరో "దానికి పాతదే బాగుందిరా" అంటారు. కొన్నవాళ్లకు మనసు చివుక్కుమంటుంది.

ఈ తంతు మొత్తం తప్పించుకోవచ్చు. అందుకు కావలసిన విద్య పెద్దదేమీ కాదు. పక్షి తనంతట తాను కొత్తదాంట్లోకి వెళ్లి, బయటికొచ్చి, మళ్లీ వెళ్లేదాకా పాతదాని తలుపు తీసే ఉంచాలి. చెప్పడానికి ఒక్క వాక్యం. చెయ్యడానికి మాత్రం కొన్ని రోజులో, కొన్ని వారాలో పడుతుంది. ఆ వారాల్లో ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నదే ఇక్కడి విషయం.

పూర్వజన్మలో ఒక చిలకను పన్నెండు రోజులు పంజరంలో పెట్టినందుకు రామదాసు గోల్కొండ చెరలో పన్నెండేళ్లు మగ్గాడన్న కథ విని పెరిగినవాళ్లం మనం. పంజరం అనగానే మన మనసులో జైలే మెదులుతుంది. అందుకే పెద్ద పంజరం కొన్నప్పుడు ఎంతో కొంత స్వేచ్ఛ ఇచ్చామన్న తృప్తి కలుగుతుంది. ఆ తృప్తి మనది. పంజరంలోనే గుడ్డు పగిలి, అక్కడే రెక్కలొచ్చిన పిట్టకు అది నిద్రపోయే చోటు, తిండి దొరికే చోటు, భయమేస్తే పారిపోయి దాక్కునే చోటు. లోపల ఏ కర్ర మీద నిద్రపోవాలో, నీళ్లు ఏ మూల ఉంటాయో, ఎక్కడ కూర్చుంటే వీధి తలుపు కనిపిస్తుందో దానికి కంఠతా వచ్చు. కొత్త పంజరంలో ఆ లెక్కంతా ఒక్క దెబ్బకు చెరిగిపోతుంది. అది ఎంత విశాలమైందన్నది తరవాతి సంగతి.

కొత్త వస్తువుకు జంకడం చిలకల పుట్టుక లక్షణం. అడవిలో డేగలకూ పాములకూ ఆహారమయ్యే జాతి ఇది. తెలియనిదాని దగ్గరికి ముందూ వెనకా చూడకుండా వెళ్లేవి ఎక్కువకాలం బతకవు. అన్నిటికీ జంకు ఒకేలా ఉండదు. మన ఊళ్లలో లవ్ బర్డ్స్ అని అమ్మే బడ్జీలు జంటగా ఉంటే త్వరగా ధైర్యం తెచ్చుకుంటాయి. ఆస్ట్రేలియా ఎండు మైదానాల్లో గుంపులు గుంపులుగా నీళ్లు వెతుక్కుంటూ తిరిగే జాతి అది. 1840లో జాన్ గూల్డ్ ఇంగ్లండుకు ప్రాణాలతో తీసుకెళ్లినప్పటి నుంచి తరతరాలుగా మనుషుల ఇళ్లలో పుడుతోంది. కాకటీల్ పగలు నెమ్మదిగానే ఉంటుంది, చీకట్లో బెదురుతుంది. అన్నిటికన్నా కష్టం ఆఫ్రికన్ గ్రేతో. దాని తెలివికి తగ్గట్టే అనుమానమూ ఎక్కువ. కొత్త బొమ్మ ఒకటి గదిలో కనబడితే చాలు, ఆ వైపు వెళ్లడం మానేసే గ్రేలున్నాయి. పిల్లప్పటి నుంచి రకరకాల వస్తువులు చూస్తూ పెరిగిన పక్షి తొందరగా సర్దుకుంటుంది. ఏళ్ల తరబడి ఒకే పంజరంలో, ఒకే మూల ఉన్నది ఆలస్యం చేస్తుంది. మీ పక్షి ఏ కోవలోదో మీకే బాగా తెలుసు.

ఇంతసేపూ రామచిలుక మాట ఎత్తకపోవడానికి కారణముంది. మెడకు గులాబీ పట్టీ ఉండే మన రామచిలుకను గానీ, దానికన్నా పెద్దదైన గండుచిలుకను గానీ ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చిలకజోస్యం వాళ్ల దగ్గర ఉన్నంత మాత్రాన అది చట్టబద్ధం కాదు. మీ ఇంట్లో అలాంటి పక్షి ఉంటే దానికి కొత్త పంజరం వెతకకండి, అటవీ శాఖకు అప్పగించండి. మేడ మీదికి తీసుకెళ్లి ఎగరేస్తే పుణ్యం వస్తుందనుకోవద్దు. మనిషి చేతిలో పెరిగిన పిట్టకు కాకి నుంచి తప్పించుకోవడం కూడా రాదు. విదేశీ జాతుల్లోనూ సన్ కన్యూర్, ఆఫ్రికన్ గ్రే వంటివాటిని 2024లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. బడ్జీకి, కాకటీల్‌కు ఆ పని లేదు.

చువ్వల సంగతి

పక్షిని అలవాటు చేసే ముందు పంజరం అలవాటు చేయదగినదేనా అని చూడాలి. చాలామంది ఎత్తు చూసి మురిసిపోతారు. చిలక లిఫ్టులా నిలువుగా ఎగరదు, అడ్డంగా ఎగురుతుంది. కాబట్టి పొడవు, వెడల్పు ముఖ్యం. రెక్కలు పూర్తిగా చాచినప్పుడు ఎంత వెడల్పు ఉంటుందో దానికి కనీసం ఒకటిన్నర రెట్లయినా ఏ వైపు కొలిచినా ఉండాలి, ఆపైన ఎంత ఉంటే అంత మేలు. గుండ్రటి పంజరాలు ఫొటోల్లో అందంగా ఉంటాయి, పక్షికి మాత్రం వాటిలో ఒదిగి కూర్చోవడానికి ఒక మూల కూడా దొరకదు. చువ్వల మధ్య సందు బడ్జీకి 12 మిల్లీమీటర్లు మించకూడదు. కాకటీల్‌కు 15 దాటకపోతే మంచిది. గ్రే వంటి పెద్ద పక్షికి 20 నుంచి 25 దాకా ఫర్వాలేదు. సందు ఎక్కువైతే తల దూర్చి ఇరుక్కుంటుంది. భయపడిన పక్షి చేసే మొదటి పని సందు వెతుక్కోవడమే కనుక, కొత్త పంజరంలో ఈ ప్రమాదం పాతదానికన్నా ఎక్కువ.

అసలు గట్టిగా చెప్పవలసింది జింకు గురించి. వీధి చివర వెల్డింగ్ షాపులో జి.ఐ. మెష్‌తో పంజరం చేయించడం మనకు మామూలే. చవక, గట్టిగా ఉంటుంది, కావలసిన కొలతలో దొరుకుతుంది. ఆ తీగ తుప్పు పట్టకుండా పైన పూసేది జింకు. చిలకకు ముక్కు మూడో కాలు. ఎక్కినా దిగినా చువ్వను ముక్కుతో పట్టుకోవలసిందే. తీగ మీద అక్కడక్కడ గడ్డకట్టిన బొట్లను, తెల్లటి పొడిని నాకి, కొరికి మింగుతుంది. కొద్దికొద్దిగానే ఒంట్లో చేరి విషమవుతుంది. పిట్ట నీరసిస్తుంది, నీళ్లు తెగ తాగుతుంది, కక్కుతుంది, రెట్ట పల్చబడి ముదురు ఆకుపచ్చకు తిరుగుతుంది, వణుకు వస్తుంది. పంజరం మార్చిన వారంలోనే ఇవి మొదలవుతాయి కనుక ఇంట్లోవాళ్లు బెంగ పెట్టుకుందని అనుకుంటారు. దిష్టి తీసేవాళ్లూ ఉన్నారు. భయం రోజురోజుకూ తగ్గుతుంది, విషం రోజురోజుకూ పెరుగుతుంది. తేడా తెలుసుకోవడానికి ఇదొక్కటి గుర్తుంటే చాలు. పెరుగుతున్నట్టు కనిపిస్తే పక్షుల వైద్యం తెలిసిన పశువైద్యుడి దగ్గరికి అదే రోజు వెళ్లాలి.

వీలుంటే స్టెయిన్‌లెస్ స్టీలు కొనండి. బడ్జీకి, కాకటీల్‌కు మంచి పౌడర్ కోటింగ్ ఉన్నది సరిపోతుంది. పెద్ద ముక్కున్న పక్షులు ఆ కోటింగును పెచ్చులు పెచ్చులుగా ఊడదీస్తాయి. జి.ఐ. తప్పదంటే వెనిగర్‌తో, తీగ బ్రష్‌తో ప్రతి చువ్వనూ బాగా రుద్ది, నీళ్లతో కడిగి, ఎండబెట్టాలి. ప్రమాదం తగ్గుతుందే కాని పూర్తిగా పోదు. పంజరానికి అలంకారంగా కట్టే ఇత్తడి మువ్వల్లోనూ జింకు ఉంటుంది, తాళంకప్పలో, గొలుసులో కూడా ఉండొచ్చు. వేరేవాళ్లు వాడిన పంజరం తెచ్చుకుంటే జింకు కన్నా ముందు జబ్బుల సంగతి చూడాలి. అందులో ఉన్న పక్షి ఏమైందో అడగండి. జవాబు సరిగా రాకపోతే వదిలేయండి. తెచ్చుకున్నా బాగా కడిగి, బ్లీచింగ్ నీళ్లతో శుభ్రం చేసి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో ఉంచాలి.

లోపల కూర్చునే కర్రలు పంజరంతో పాటు ప్లాస్టిక్‌వి వస్తాయి, అన్నీ ఒకే లావు. రోజంతా ఒకే లావు కర్ర మీద నిలబడితే పాదాల అడుగున పుండ్లు పడతాయి. జామ కొమ్మ, వేప కొమ్మ, సన్నవీ లావువీ కలిపి, మందు కొట్టని చెట్టువి తెచ్చి కడిగి కట్టండి. గన్నేరు మాత్రం దరిదాపులకు రానివ్వకండి, అది ఆకు నుంచి బెరడు దాకా విషం. ఒక మాట మాత్రం ఉంది. ఈ మంచి కొమ్మలన్నీ మొదటి రోజే పెట్టొద్దు. పాత పంజరంలో రాత్రి నిద్రపోయే కర్ర ఏదో చూసుకుని, సమయం వచ్చినప్పుడు దాన్నే తెచ్చి కొత్తదాంట్లో అన్నిటికన్నా పైన కట్టాలి. తక్కినవి తరవాత.

ఎక్కడ పెట్టాలి

పంజరాన్నీ చోటునూ ఒకేసారి మార్చకండి. పాతది హాల్లో ఉంటే కొత్తదీ హాల్లోనే. ఒక వైపైనా గోడ ఉండాలి. నాలుగు వైపులా మనుషులు తిరిగే చోట పక్షి వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూనే ఉంటుంది. ఎత్తు నిలబడ్డ మనిషి ఛాతీ మట్టానికి ఉంటే సరి. కిటికీకి కొంచెం పక్కగా, సగం ఎండ సగం నీడ పడేట్టు. ఏసీ గాలి నేరుగా తగలకూడదు. బాల్కనీ బాగుంటుందని అనిపిస్తుంది కాని కాకులు, పిల్లులు, రాత్రిపూట ఎలుకలు వచ్చేదీ అక్కడికే.

వంటింట్లో గాని, దానికి ఆనుకుని తలుపు లేని చోట గాని వద్దు. నాన్‌స్టిక్ పెనం మీద ఏమీ లేకుండా మంట మీద మరచిపోతే వచ్చే పొగ మన ముక్కుకు తెలిసేలోపే పక్షి ప్రాణం తీయగలదు. పక్షుల ఊపిరితిత్తులు గాలిని మనకన్నా ఎంతో సమర్థంగా పీలుస్తాయి, గాలిలో ఉన్న విషాన్ని కూడా అంతే సమర్థంగా పీలుస్తాయి. అగరబత్తి, సాంబ్రాణి, దోమల కాయిల్, రూమ్ స్ప్రే కూడా ఆ గదిలో మానెయ్యాలి. పూజ మానమని కాదు, పూజ గది తలుపు వెయ్యమని.

ఇక సీలింగ్ ఫ్యాను. కింద చెప్పబోయే పద్ధతిలో పంజరం తలుపులు తెరిచి ఉంచే గంటలు చాలా ఉంటాయి. బెదిరిన పక్షి పైకే లేస్తుంది. తలుపు తీసే ముందు ఫ్యాను పూర్తిగా ఆపండి, తగ్గించడం చాలదు. కిటికీలు మూసి, అద్దానికి గుడ్డ వేసి, నీళ్ల బకెట్ల మీద మూత పెట్టండి. రెక్కలు కత్తిరిస్తే ఈ బాధ ఉండదు కదా అని దుకాణంవాళ్లు సలహా ఇస్తారు. కొత్త చోటుకు భయపడుతున్న పిట్టకు పారిపోయే శక్తి కూడా తీసేస్తే భయం రెట్టింపు అవుతుంది, కొరకడం మొదలుపెడుతుంది.

పక్కపక్కన రెండు పంజరాలు

కొత్త పంజరాన్ని మొదట గదిలో దూరంగా, పక్షికి కనిపించేట్టు పెట్టండి. ఎంత దూరంగా అన్నది పక్షి చెబుతుంది. పెట్టిన కాసేపటికి మళ్లీ గింజలు తినడం, ఈకలు దువ్వుకోవడం మొదలుపెడితే దూరం సరిపోయిందన్నమాట. తురాయి నిక్కబొడుచుకుని, మెడ సాచి, అటే చూస్తూ కొయ్యబారిపోతే ఇంకా వెనక్కి జరపాలి. రోజుకింత దగ్గరికి తెస్తూ పాతదాని పక్కకు చేర్చాలి. బడ్జీల జంటకు రెండు మూడు రోజులు చాలవచ్చు. గ్రేకు మూడు వారాలు పట్టినా ఆశ్చర్యపోవద్దు.

ఈ రోజుల్లో మీరు చేయగలిగిన మంచి పని కొత్త పంజరం పక్కన కూర్చోవడం. పేపరు చదువుకోండి, ఫోన్లో మాట్లాడుకోండి, దాని మీద ఒక పళ్లెం పెట్టుకుని జామకాయ ముక్కలు తినండి. చెయ్యి లోపల పెట్టి కర్రను, బొమ్మను తడమండి. చిలక గుంపులో బతికే జీవి. గుంపులో ఒకరు వెళ్లి క్షేమంగా వచ్చిన చోటుకు తక్కినవి వెళతాయి. మీ ఇంట్లో ఆ గుంపు మీరే.

పక్కకు చేరాక రెండు తలుపులు ఎదురెదురుగా వచ్చేట్టు ఆనించి, రెండూ తెరిచే ఉండేట్టు కట్టేసి, మధ్యలో ఒక కొమ్మను వంతెనలా వెయ్యండి. ఇప్పుడు తాయిలం కావాలి. విదేశాల్లో బడ్జీలకు, కాకటీళ్లకు ఖరీదు పెట్టి కొనే మిల్లెట్ స్ప్రే చాలామటుకు మన కొర్ర కంకే. అనంతపురం, కర్నూలు వైపు పొలాల్లో దొరికేదాన్ని ఆన్‌లైన్‌లో ప్యాకెట్ కట్టించుకుని కొనడం ఎందుకు? ఊళ్లో తెలిసినవాళ్లుంటే నాలుగు కంకులు తెప్పించుకోండి. మొదటి కంకి గుమ్మం దగ్గరే కట్టాలి, తల చాచితే అందేంత దూరంలో. తినడం అలవాటయ్యాక రెండోది కొంచెం లోపలికి, మూడోది ఇంకా లోపలికి. గ్రేలకు కంకి రుచించకపోవచ్చు. దానికి ఒక బాదం పలుకో, దానిమ్మ గింజలో, ఏది ఇష్టమో అది. ఆ తాయిలం మిగతా వేళల్లో పెట్టొద్దు, కొత్త పంజరంలోనే దొరకాలి.

ఒక రోజు అది లోపలికి వెళుతుంది. మన ప్రాణానికి హాయిగా ఉంటుంది. చెయ్యి తలుపు మీదికి పోతుంది. అక్కడే ఆగండి. వెళ్లిన వెంటనే తలుపు మూస్తే అన్నాళ్ల పని వృథా. లోపలికి వెళ్లడం అంటే చిక్కుకుపోవడమని ఆ ఒక్కసారికే నేర్చుకుంటుంది, నేర్చుకున్నది మరచిపోదు. వెళ్లనివ్వండి, రానివ్వండి. రోజుకు ఎన్నిసార్లు తిరిగితే అంత మంచిది. లోపల తింటూ, ఈకలు దువ్వుకుంటూ నింపాదిగా ఉన్నప్పుడు తలుపు ఒక్క నిమిషం మూసి, అది గమనించి కంగారు పడకముందే తీసెయ్యండి. ఆ నిమిషాన్ని పది చేయండి, పదిని గంట చేయండి.

చేతికి మచ్చికైన పక్షి అయితే పని ఇంకా తేలిక. కొత్త పంజరం పైకప్పు మీద ఆడనివ్వండి. లోపలికన్నా పైన కూర్చోవడానికి చిలకలు తొందరగా ఒప్పుకుంటాయి. అక్కడి నుంచి తలుపు దాకా దిగిరావడం దాని ఇష్టం. ఒక చిన్న పుల్ల కొసను ముక్కుతో తాకితే గింజ ఇవ్వడం ముందే నేర్పి ఉంటే ఆ పుల్లే దారి చూపిస్తుంది.

హైదరాబాద్ ముర్గీ చౌక్ వంటి సంతల్లో కొన్న బడ్జీలు చాలామటుకు చేతికి రావు. వాటికి వెలుతురుతో పని జరుగుతుంది. తలుపులు ఆనించి, పాత పంజరం మీద పల్చటి గుడ్డ కప్పి కొంచెం చీకటి చేసి, కొత్తదాంట్లోకి వెలుతురు పడనిచ్చి, అక్కడ కొత్తిమీరో పాలకూరో కట్టండి. పక్షి వెలుతురు వైపు నడుస్తుంది. జంటను విడదీయకండి. ఒకటి ధైర్యం చేస్తుంది, రెండోది దాని వెంటే పోతుంది. దారికి రావాలని కడుపు మాడ్చడం మాత్రం ఎప్పుడూ పనికిరాదు. ముప్పై గ్రాముల పిట్టకు ఒంట్లో నిల్వ ఏమీ ఉండదు.

ఇంత వ్యవధి లేని సందర్భాలుంటాయి. పాత పంజరం అడుగు ఊడిపోతుంది, ఇల్లు మారవలసి వస్తుంది, ఆ రోజే మార్చక తప్పదు. అప్పుడు పొద్దున్నే మార్చండి, చీకటి పడేలోపు పది పన్నెండు గంటలు చూసుకుని తిరిగే వీలుంటుంది. గదిలో వెలుతురు తగ్గించి, మెత్తటి తువ్వాలుతో చుట్టి ఎత్తాలి. ఛాతీ మీద వేళ్లు బిగించకండి. మనకు ఊపిరికి ఉదరవితానం ఉంది, పక్షికి లేదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే దానికి గాలి ఆడుతుంది. గట్టిగా పట్టుకుంటే నోరు మూయకపోయినా ఊపిరి ఆగిపోతుంది. పాత కర్రలు, గిన్నెలు, బొమ్మలు అన్నీ ఉన్న వరసలోనే కొత్తదాంట్లో పెట్టి, వెనకా పక్కనా గుడ్డ కప్పి, ఆ రోజుకు చుట్టాలెవరినీ పిలవకుండా ఉంటే చాలు.

గిన్నె నిండుగా ఉంది కదా

కొత్త పంజరాల్లో గిన్నెలు అడుగున, కిందికి ఉంటాయి. భయపడిన పక్షి పైనుంచి దిగదు. తిండి కళ్లెదుట ఉన్నా పస్తు ఉంటుంది. అందుకని పై కర్ర పక్కన అదనంగా ఒక గిన్నె, ఒక నీళ్ల గిన్నె కట్టండి. పాతదాంట్లో గిన్నెలో తాగిన పక్షికి ఇప్పుడు సీసా పెట్టకండి. గింజల నుంచి పెల్లెట్లకు మార్చాలన్న ఆలోచన ఉంటే దాన్నీ వాయిదా వెయ్యండి. ఒకసారికి ఒక మార్పు చాలు.

గింజలు తినే పిట్టల విషయంలో గిన్నె మోసం చేస్తుంది. అవి గింజను ఒలిచి పప్పు తిని పొట్టు గిన్నెలోనే వదులుతాయి. పైనుంచి చూస్తే నిండుగానే ఉంటుంది. ఊదితే అంతా ఎగిరిపోతుంది, అడుగున ఏమీ ఉండదు. దానికి వ్యతిరేకమూ జరుగుతుంది, గింజలు నిజంగానే ముట్టకుండా ఉండిపోతాయి. రెండిటినీ కంటితో తేల్చలేం. వంటింటి డిజిటల్ కాటా మీద ఒక కర్ర బిగించి, ఉదయం తిండి పెట్టకముందు తూచండి. కొత్త పంజరం తేకముందే కొన్నాళ్లు తూచి రాసుకుంటే పక్షి మామూలు బరువు తెలుస్తుంది. బడ్జీ 30 నుంచి 40 గ్రాములు, కాకటీల్ ఇంచుమించు 90, గ్రే నాలుగైదు వందలు. మామూలు బరువులో పదో వంతు తగ్గిందంటే ఇక ఓపిక పట్టే ఘట్టం అయిపోయినట్టే. పాత పంజరంలోకి మార్చి, వైద్యుడికి ఫోన్ చేయండి. చేతికి రాని పక్షిని రోజూ పట్టి తూచడం వల్ల నష్టమే ఎక్కువ, దానికి రెట్ట చూడండి.

ట్రేలో జాలీ తీసి తెల్ల కాగితం పరిస్తే రెట్టలో మూడు భాగాలు విడిగా కనిపిస్తాయి. గట్టిగా ఉండే మలం, సున్నంలా తెల్లటిది, చుట్టూ నీరు. మార్చిన మొదటి గంటల్లో నీరు ఎక్కువైతే అది బెదురు వల్ల, సాయంత్రానికి సర్దుకుంటుంది. రెట్టలు తగ్గిపోయి, చిన్నగా, నల్లపచ్చగా వస్తుంటే తినడం లేదని అర్థం. పక్షులు జబ్బును ఓపినంతవరకూ దాచుకుంటాయి. ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చునే దశకు వచ్చిందంటే చాలా ఆలస్యమైనట్టు.

నిద్రపోయేముందు ముక్కును కిర్రుకిర్రుమని నూరుకోవడం, ఒంటికాలి మీద నిలబడటం, ఒళ్లంతా ఒకసారి విదిలించి తోక ఆడించడం, వీటిలో ఏది కనిపించినా కొత్త చోటు నచ్చినట్టే.

మొదటి రాత్రి

పగలంతా బాగానే ఉండి రాత్రి రెండింటికి టపటపా రెక్కలు కొట్టుకుంటూ చువ్వలకు గుద్దుకోవడం కాకటీళ్లకు మామూలు. కారు లైటు గోడ మీద కదిలినా, బల్లి పాకినా చాలు. పాత పంజరంలో అయితే చీకట్లోనూ కర్ర ఎక్కడుందో దానికి తెలుసు. కొత్తదాంట్లో తెలియదు, అందుకే దెబ్బలు ఎక్కువ తగులుతాయి. గదిలో జీరో బల్బు వెలిగించి ఉంచండి. గుడ్డ కప్పే అలవాటు ఇదివరకు ఉంటే మూడు వైపులా కప్పండి, లేకపోతే ఇప్పుడు మొదలుపెట్టొద్దు. శబ్దం వినగానే పరుగెత్తుకెళ్లి చెయ్యి పెట్టకండి. లైటు వేసి, దూరం నుంచే పేరు పెట్టి పిలుస్తూ మాట్లాడండి. నెమ్మదించాక రెక్కల్లో రక్తం ఏమైనా కనబడుతోందా చూడండి. కొత్తగా మొలుస్తున్న ఈక విరిగితే ధారగా కారుతుంది. ఆగకపోతే వైద్యుడి సాయం కావాలి.

అలవాటయ్యాక వచ్చే చిక్కు ఒకటుంది. ఇన్నాళ్లూ చేతి మీదికి ఎగిరొచ్చిన పక్షి కొత్త పంజరంలో చెయ్యి పెడితే కొరుకుతుంది. పక్షి మారిపోయిందని బాధపడతారు. అది ఈ చోటును తనదనుకుంటోందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. చెయ్యి లోపలికి పంపకుండా తలుపు దగ్గర నిలబడి బయటికి పిలవండి. గిన్నెలు బయటి నుంచి మార్చే వీలున్న పంజరమైతే సగం గొడవ ఉండదు.

పాతదాన్ని ఎప్పుడు తీసెయ్యాలి? రెండు తలుపులూ తీసి ఉన్నా పక్షి వరసగా కొన్ని రాత్రులు కొత్తదాంట్లోనే నిద్రపోతుంటే తీసెయ్యవచ్చు. ముందు గదిలో ఒక పక్కకు జరపండి, తరవాత బయటికి. కొత్తదాన్ని పాతది ఉన్న చోటికే చేర్చండి. పాతది చిన్నదీ గట్టిదీ అయితే అమ్మెయ్యకండి, వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లడానికి అంతకన్నా తెలిసిన వాహనం దానికి లేదు.

ఇక ఆ జామ కొమ్మల పని. నిద్రకర్రను, గిన్నెల స్థానాన్ని కదపకుండా, వారానికి ఒక్క వస్తువు మార్చండి. ఒకసారి ప్లాస్టిక్ కర్ర తీసి కొమ్మ కట్టండి, మరోసారి ఒక తాటాకు ముక్క వేలాడదీయండి, చీల్చుకుని ఆడుకుంటుంది. మొదటి కొమ్మను బిగించేటప్పుడు ఎదురుగా కూర్చుని అరుస్తుంది. నాలుగో దానికి మీ వేళ్ల మధ్య నుంచి ముక్కు దూర్చి బెరడు ఒలవడం మొదలుపెడుతుంది, మీరింకా నట్టు బిగించకముందే.